వంతెన నడుమ బల్ల

తాతాజీ చెరువు గట్టు మీదికి ఊరి పెద్దలు రావడం మానేసి చాలాకాలమైంది. వచ్చినా అతను కూర్చోమనడు. అందుకే ఆ ఉదయం రామలింగం ముందు నడుస్తూ, వెనక ఓ అమ్మాయి అట్టపెట్టె పట్టుకుని గట్టెక్కుతుంటే, తాతాజీ మేత బస్తా మూతి కట్టడం ఆపలేదు.

"ఏవండీ తాతాజీ గారూ! ఈవిడ కుసుమ గారండీ. గూడెం నుంచి వచ్చారు. మన వంతెనకి ప్లాను గీసింది ఈవిడే," అని రామలింగం గొంతు చించుకున్నాడు. గొంతు చించుకోక తప్పదు. రొయ్యల చెరువులో ఏరేటర్ల చక్రాలు నీళ్ళు చిలుకుతున్నంతసేపూ గట్టు మీద మామూలు మాట వినపడదు.

"ఎవరి వంతెన?" అన్నాడు తాతాజీ.

"మనదేనండీ. మనదీ, పందిరిలంకదీ."

"ఇద్దరిదీ అంటే ఎవరిదీ కాదన్నమాట."

రామలింగం నవ్వాడు. తామరపాడు పెద్దల్లో మాట చెల్లేది అతనిదే కాబట్టి, ఎక్కడ నవ్వి ఊరుకోవాలో అతనికి బాగా తెలుసు. కుసుమ మాత్రం రెండు చెవులూ మూసుకున్నంత పని చేసి, "ఒక్క ఐదు నిమిషాలు మోటారు ఆపుతారాండీ?" అని అడిగింది.

"ఆపితే గాలందక రొయ్య తేలిపోద్ది."

"అంత తొందరగానా అండీ?"

"నీది వంతెన. నాది రొయ్య. ఎవరి పని వాళ్ళం చూసుకుందాం."

ఆ పిల్ల చిన్నబుచ్చుకోలేదు. గూడెం బజారులో కిరాణా కొట్టు పెట్టుకున్న తండ్రి దగ్గర పెరిగిన పిల్ల. అరువు బాకీ అడగబోతే మొహం మీద తలుపేసే మనుషులు ఆమెకి కొత్త కాదు. మేత బస్తాల మీదే పెట్టె పెట్టి, అందులోంచి అట్టముక్కలూ ఐస్‌క్రీం పుల్లలూ అతికించి చేసిన బుల్లి వంతెన బయటికి తీసింది. ఒక ఒడ్డు నుంచి సన్నగా బయల్దేరి, కాలవ నడిమధ్యలో వెడల్పయి, మళ్ళీ సన్నబడి అవతలి ఒడ్డు చేరింది.

తాతాజీ తల వంచి చూశాడు. "ఇదేంటి మధ్యలో ఉబ్బింది? కప్పని మింగిన పాములాగ."

కుసుమ నవ్వేసింది. "అక్కడే జనం కూర్చుంటారండీ. పైన నీడ ఉంటుంది. కింద బల్లలు. మోటారు సైకిళ్ళు కూడా రావు, మనుషులే. పొద్దున కూరలమ్ముకునేవాళ్ళు, సాయంత్రం కబుర్లకొచ్చేవాళ్ళు. మండలాల హద్దు సరిగ్గా కాలవ మధ్యలోంచే పోతోంది కదండీ. ఆ హద్దు మీదే కూర్చుంటారు. ఎవరి వైపూ కాదు."

"చూశారాండీ!" అన్నాడు రామలింగం. "ఈవిడకి చెప్పాను, పందిరిలంకని మావాళ్ళు 'ఆ దేశం' అంటారమ్మా అని. నిన్నమొన్నటిదాకా వీసా లేకుండా వెళ్తే తప్పు కట్టించేవాళ్ళమని."

"కట్టించింది మీరే," అన్నాడు తాతాజీ.

రామలింగం నవ్వు సగంలో ఆగింది.

విషయం ఏమిటంటే, వంతెన కాలు మోపడానికి ఈ ఒడ్డున గట్టి నేల ఒక్కటే ఉంది. తాతాజీ గేదెల పాక ఉన్న మెరక. దానికి అటూ ఇటూ అంతా చెరువులు తవ్వి ఎత్తిపోసిన మెత్తటి మన్ను. అతను ఊఁ అనాలి. అంటే వంతెన ఉంది, లేకపోతే లేదు.

"ఇస్తాను," అన్నాడు తాతాజీ.

అంత తేలిగ్గా అంటాడని రామలింగం అనుకోలేదు. "అమ్మవారి దయ," అంటూ చేతులెత్తబోయాడు.

"అమ్మవారిని ఇందులోకి లాగకండి. ఒక్క మాట ఉంది. మధ్యలో కూర్చోడానికి ఏమీ ఉండకూడదు. బల్ల వద్దు, అరుగు వద్దు, నీడా వద్దు. ఈ దరి వాళ్ళు ఆ దరికి నడిచిపోవాలి. అంతే."

"దానికేం భాగ్యమండీ! అలాగే. నడవడానికే కదా వంతెన," అన్నాడు రామలింగం వెంటనే.

కుసుమ ఆ ఉబ్బిన చోట వేలు పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఎందుకండీ? ఎవరు కూర్చుంటే మీకేం కష్టం?"

"కూర్చోవాల్సిన మనిషి లేదు. ఇంకెవరూ కూర్చోనక్కర్లేదు."

మళ్ళీ మేత బస్తా మీదికి వంగాడు.

---

కూర్చోవాల్సిన మనిషి పేరు వీరరాఘవమ్మ. తాతాజీ భార్య. పోయి రెండో వానాకాలం నడుస్తోంది.

పెంటపాడులో వరిచేలున్న ఒక తండ్రి, ఇద్దరు కూతుళ్ళూ ఒకరికొకరు కనపడుతూ బతకాలని, పెద్దదాన్ని కాలవకి ఈ దరినున్న తామరపాడులోనూ, చిన్నదాన్ని ఆ దరినున్న పందిరిలంకలోనూ ఇచ్చాడు. వీరరాఘవమ్మకి పిల్లల్లేరు. ఉన్నదల్లా చెల్లెలు నాగవల్లి. పొద్దున కూర వండితే మధ్యాహ్నానికి సగం గిన్నె దోనెలో అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయేది. తాతాజీ విసుక్కునేవాడు. విసుక్కుంటూ దోనె తనే నెట్టేవాడు.

తర్వాత ఒక వరదకి పందిరిలంక వాళ్ళు తమ చెరువులు కాపాడుకోడానికి ఈ దరి గట్టుకి గండి కొట్టారు. కొట్టలేదని వాళ్ళంటారు. చేపంతా కొల్లేట్లో కలిసిపోయింది, తలలు పగిలాయి, కేసులయ్యాయి. అప్పుడు రెండూళ్ళ పెద్దలూ ఎవరికి వాళ్ళు కట్టుబాటు పెట్టారు. ఆ ఊరివాళ్ళతో మాట్లాడకూడదు. పెళ్ళికి వెళ్ళకూడదు, చావుకి వెళ్ళకూడదు. ఫోనులో పలకరించినా తప్పే. దాటిన ఇంటికి చాకలి రాడు, నీళ్ళ వంతు రాదు, మనిషి పోతే మోసేవాళ్ళుండరు. నాగవల్లి మొగుడు బంగార్రాజు ఆ దరి పెద్దల్లో ఒకడు. తోడల్లుడి నంబరు ఫోనులోంచి తీసేసి, తీసేశానని నలుగురికీ చూపించినవాడు.

మగవాళ్ళు కట్టుబాటు పెట్టారు. ఆడవాళ్ళు దానికి దారి చూసుకున్నారు. మనుషులతో మాట్లాడకూడదన్నారు గాని, ఎవరి గేదెతో వాళ్ళు మాట్లాడకూడదని ఎవరూ అనలేదు. గేదెల్ని కాలవలో కడిగే వేళకి ఈ ఒడ్డున ఒకామె, ఆ ఒడ్డున ఒకామె.

"ఒసే నల్లదానా, పెంటపాడులో మామ్మకి జ్వరం తగ్గిందంట. అన్నం తిందంట," అని వీరరాఘవమ్మ తన గేదె వీపు రుద్దుతూ అరిచేది.

"అయితే ఈసారి మేకపాలు మాన్పించమనవే, వినదు ఆ ముసల్ది," అని నాగవల్లి తన గేదెని కోప్పడేది.

పెద్దలు విన్నారు. విని ఏం చెయ్యగలరు? గేదెకి తప్పు వెయ్యలేరు.

తాతాజీకి ఈ వ్యవహారం నామోషీగా ఉండేది. "గేదెతో మాట్లాడతావు, పిచ్చిదానిలాగ," అనేవాడు. "మీతో మాట్లాడితే మటుకు ఏం పలుకుతారండీ, దానికన్నా?" అనేది వీరరాఘవమ్మ. అతను ఒడ్డుకి వెళ్ళి ఆ మాటలు విన్నది లేదు. అతనికి చెరువుంది. చెరువులో ఏరేటర్లున్నాయి. ఎండెక్కిన వేళ ఇంట్లో నడుం వాల్చి లేచేసరికి అప్పుడప్పుడూ చక్రాలు ఆగి ఉండేవి. "ఎవరాపారు? రొయ్య చచ్చిపోతే ఎవడిస్తాడు?" అని గట్టంతా ఎగిరేవాడు. "కరెంటు పోయిందండీ. ఇప్పుడే వచ్చింది," అనేది ఆమె మీట నొక్కుతూ. "అయినా ఎండున్నప్పుడు కాసేపు ఆగితే రొయ్యకేం కాదంట, మందుల కొట్టతను చెప్పాడు." అతను ఆ మాటా వినలేదు.

పోయిన వానాకాలంలో ఒక పూట వీరరాఘవమ్మకి చెయ్యీ కాలూ పడిపోయాయి. ఏలూరు ఆసుపత్రిలో చేర్చాడు. మాట ముద్దగా వస్తోంది, కానీ ఒక్క మాట మాత్రం తెలుస్తోంది. చెల్లి. తాతాజీ బంగార్రాజుకి ఫోను చేశాడు. నంబరు గుర్తుపట్టి కట్ చేశాడు బంగార్రాజు. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే.

అప్పుడు తాతాజీ భార్యని నర్సుకి అప్పజెప్పి, మండవల్లి మీదుగా ఊరొచ్చి, జన్మలో చెయ్యని పని చేశాడు. పాకలోంచి గేదెని విప్పి కాలవ ఒడ్డుకి తోలుకెళ్ళాడు. అవతలి ఒడ్డున నాగవల్లి ఉంది. ఇతని వైపే చూసింది. నోట్లోంచి రాని మాటలు బలవంతాన రప్పించి, గేదె మొహం మీదే అరిచాడు. రెండుసార్లు అరిచాడు. నాగవల్లి కాసేపు నిలబడి చూసింది. తర్వాత తన గేదెని తోలుకుని, చీరకొంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ కొంగు వెనక ఆమె నవ్వుతోందని తాతాజీకి తెలిసింది. అంత దూరం నుంచి కూడా తెలిసింది.

మర్నాడు వీరరాఘవమ్మ తలుపు కేసి చూస్తూ పోయింది.

చితి ఈ ఒడ్డునే పేర్చారు. నాగవల్లి ఆ ఒడ్డున గేదె మెడ కావలించుకుని ఏడిచింది. బతికుండగా రానిదానికి ఇప్పుడీ ఏడుపెందుకని తాతాజీ అటు తిరగలేదు.

నాలుగు నెలలకి వంతెనకి డబ్బు మంజూరవుతుందని కబురొచ్చింది, రెండూళ్ళూ రాజీపడితేనే అన్నారు. రాజీ ఎంతసేపు? పెద్దలందరూ కలిసి కొల్లేటికోట అమ్మవారి ముందు కొబ్బరికాయలు కొట్టి, ఒకే పంక్తిలో పులిహోర తిని, కట్టుబాటు ఎత్తేశామన్నారు. రామలింగం, బంగార్రాజు భుజాల మీద చేతులేసుకుని ఫొటో దిగారు. తాతాజీ వెళ్ళలేదు. అంత తేలిగ్గా ఎత్తేసేదాన్ని నాలుగు నెలల ముందు ఎందుకు ఎత్తలేదని అడగాలనుకున్నాడు. అడగడం కూడా దండగనిపించింది. ఊళ్ళు వదిలేసిన కట్టుబాటుని ఆ రోజు నుంచి అతనొక్కడే పట్టుకున్నాడు. పందిరిలంక మనిషి ఎదురైతే మొహం తిప్పుకున్నాడు. తామరపాడు మనిషికీ అంతే.

నాగవల్లి ఒకసారి ఆటోలో చుట్టూ తిరిగి ఇంటికొచ్చింది. అతను లోపల్నుంచి గడియ పెట్టుకున్నాడు. "బావగారూ, అక్క ఆఖర్న ఏమందో చెప్పండి చాలు. వెళ్ళిపోతాను," అని గుమ్మంలో కూర్చుంది. అతను చెప్పలేదు. అదొక్కటే అతని చేతిలో ఉంది. అది ఆమెకివ్వదల్చుకోలేదు. పొద్దుగూకేదాకా కూర్చుని, మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళిపోయింది.

అందుకే బల్ల వద్దన్నాడు. బల్ల ఉంటే నాగవల్లి వచ్చి కూర్చుంటుంది. కూర్చుని అక్క ఇంటి వైపు చూస్తుంది. ఆ సుఖం ఆమెకెందుకు?

---

కుసుమ ఊరుకునే రకం కాదు. వంతెన కట్టే ముందు జనం ఎక్కడ నిలబడతారో, ఎటు తిరిగి కూర్చుంటారో చూడాలంది. కాలవ నడుమ సరుగుడు బాదులు గుంజల్లా పాతించి, వెదురు తడికలు పరిచి, పొలంలో కాపలా మంచెలాంటిదొకటి కట్టించింది. వంతెన మధ్యభాగం ఎంత ఉంటుందో సరిగ్గా అంతే. రెండూళ్ళ వాళ్ళూ దోనెల మీద వచ్చి ఎక్కి చూశారు.

చూసినవాళ్ళు ఊరుకుంటారా? మా సగానికి మా ఊరి రంగు వెయ్యాలన్నారు వీళ్ళు. మధ్యలో గేటు పెట్టి తాళం మా దగ్గరుంచాలన్నారు వాళ్ళు. "గేటుకి రెండు తాళాలు వేస్తే సరి, ఎవరూ దాటలేరు, గొడవే ఉండదు," అని కుసుమ అంటే రెండు పక్షాలూ కాసేపు నిజంగానే ఆలోచించాయి.

తాతాజీ మూడోనాడు దోనె నెట్టుకుంటూ వెళ్ళాడు. కుసుమ దాని మీద బల్ల పెట్టిందని ఎవరో చెప్పారు. పెట్టిందేమో చూసి మెరక ఇవ్వనని చెప్పి వచ్చేద్దామని.

ఎండ బాగా ఎక్కింది. మంచె మీద కుసుమ టేపు పట్టుకుని కొలుస్తోంది. నిజంగానే ఒక చెక్క బల్ల వేసి ఉంది. బల్ల మీద నాగవల్లి కూర్చుని ఉంది.

తాతాజీ వెనక్కి తిరగబోయాడు. కానీ మాట తప్పింది ఆ పిల్ల. తను ఎందుకు తిరగాలి? మంచె ఎక్కాడు.

"బల్ల వద్దన్నానా లేదా?" అని అరిచాడు. గట్టు మీద ఏరేటర్ల హోరు నీళ్ళ మీదుగా వచ్చి ఇక్కడ ఇంకా ఎక్కువగా మోగుతోంది.

"ఇది ఊరికే చూసుకోడానికండీ!" కుసుమ కూడా అరిచింది. "ఆవిడకి మోకాళ్ళండీ, నిలబడలేకపోతున్నారు!"

నాగవల్లి అతన్ని చూసి చేతులు జోడించింది. నోరు విప్పలేదు. ఎదురుగా, రెండు బారల దూరంలో బావ నిలబడితే, చేతులు ఒళ్ళో పెట్టుకుని అతని చెరువు గట్టు వైపు చూస్తూ కూర్చుంది. దేనికోసమో కాచుక్కూర్చున్నదానిలాగ. ఎంత పొగరు, అనుకున్నాడు తాతాజీ.

అప్పుడు కరెంటు పోయింది.

గట్టు మీద చక్రాలు నెమ్మదించి, ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. ఉన్నట్టుండి బాదులకి నీళ్ళు కొట్టుకునే చప్పుడు వినపడింది. ఎక్కడో ఒక నీటికోడి అరిచింది. నాగవల్లి వెంటనే నోరు విప్పింది.

"అక్క ఆఖర్న ఏమందండీ బావగారూ?"

ఇన్నాళ్ళూ దాచుకున్నది ఇప్పుడు విసరాలనిపించింది అతనికి. తగలాలనిపించింది.

"నిన్నే అడిగింది. ఇంకెవర్నీ అడగలేదు. తలుపు కేసి చూస్తూ పోయింది. నువ్వు రాలేదు."

ఆమె మొహం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. "నాకు తెలీదండీ. అక్క పోయాకే తెలిసింది."

"తెలీదా? మీ ఆయనకి ఫోను చేస్తే ఎత్తలేదు. అప్పుడు ఒడ్డుకొచ్చి గేదెతో చెప్పాను. నేను! మీ ఆడాళ్ళు చెప్పుకున్నట్టే చెప్పాను. నువ్వు అటు నిలబడి నా మొహంలోకి చూశావు. నవ్వుకుంటూ వెళ్ళిపోయావు."

కుసుమ చేతిలోని టేపు దానంతటది చుట్టుకుంటూ లోపలికి పోయింది.

"అది... అది చెప్పడమా అండీ?" అంది నాగవల్లి. "మీ నోరు కదలడం చూశాను. మోటారు ఆపుతారేమోనని నిలబడ్డాను. ఆపలేదు."

"మోటారేంటి?"

"అక్క ఆపేది కదండీ. ఎండెక్కాక మోటారు ఆపి ఒడ్డుకొచ్చేది. మీ గట్టు మీద హోరు ఆగిందంటే అక్క పిలుస్తోందని, నేను చేతిలో పని వదిలేసి గేదెని విప్పుకునేదాన్ని. అది తిరుగుతుంటే ఆ ఒడ్డుకి ఒక్క ముక్క వినపడదు. మీకు తెలీదాండీ?"

నాగవల్లి ఆగిన చక్రాల వైపు చెయ్యి చూపించింది.

"హోరు ఆగలేదు కాబట్టి చెప్పేదేమీ లేదనుకున్నాను. గేదె మాట వినట్లేదు, తిడుతున్నారనుకున్నాను. అక్కకి ఇవాళ పని తప్పింది, బావగారే తోలుకొచ్చారు, అక్క హాయిగా పడుకునుంటుందనుకున్నాను. మీ అవస్థ చూసి నవ్వొచ్చిందండీ. రేపు అక్కతో చెప్పి నవ్విద్దామనుకుంటూ ఇంటికి పోయాను."

*కరెంటు పోయిందండీ. ఇప్పుడే వచ్చింది.*

అతను చెరువు వైపు చూశాడు. మోటారు షెడ్డు, షెడ్డులో మీట, మీట నుంచి ఒడ్డుకి పది అంగలు. ఆ వేళ గేదెని తోలుకుంటూ షెడ్డు పక్కనుంచే వెళ్ళాడు. చెయ్యి చాపితే అందేది.

"రోజూ ఆపేదా?" అని అడిగాడు.

"మీరు పడుకున్న రోజు."

"ఏం మాట్లాడుకునేవాళ్ళు?"

నాగవల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది. మొదలుపెట్టిందో లేదో గట్టు మీద జనరేటరు అందుకుంది. చెరువు పనివాడు విజయ్‌కుమార్ చురుకైనవాడు. చక్రాలన్నీ ఒక్కసారిగా తిరిగాయి. రెండు బారల దూరంలో ఆమె పెదాలు కదులుతున్నాయి. మధ్యలో చెయ్యి తిప్పింది, ఏదో చూపించినట్టు. ఏడుస్తూనే ఒకచోట నవ్వింది. వీరరాఘవమ్మ మాటలేవో ఆమె నోట్లో ఉన్నాయి. తాతాజీకి ఒక్కటీ వినపడలేదు.

దోనెలోకి దిగాడు. కుసుమ వెనకనుంచి ఏదో అరిచింది. అదీ వినపడలేదు.

ఒడ్డెక్కి షెడ్డుకి వెళ్ళేసరికి విజయ్‌కుమార్ మెప్పు కోసం ఎదురొచ్చాడు. "కరెంటు పోగానే వేసేశానండీ."

"ఆపు."

"రొయ్యండీ..."

"పోతే పోనీ. ఆపు."

వాడు ఆపాడు. చక్రాలు ఆగాయి. కాలవంతా ఖాళీ అయినట్టయింది. అప్పుడు మంచె మీది నుంచి కుసుమ గొంతు, పక్కింట్లోంచి వచ్చినంత స్పష్టంగా వచ్చింది.

"ఏవండీ తాతాజీ గారూ! బల్ల తీసెయ్యమంటారాండీ?"

"ఉండనీ!" అన్నాడు. అరవక్కర్లేకపోయింది. "ఎదురెదురుగా వెయ్యకమ్మా. మొహాలు చూసుకుంటే ఇక్కడెవరికీ నోరు పెగలదు. ఇద్దరూ నీళ్ళకేసి చూసేటట్టు, పక్కపక్కన వెయ్యి."

పాకలోకి వెళ్ళి నల్లదాన్ని విప్పాడు. ముసలిదయిపోయింది. ఆ మనిషి పోయాక ఒడ్డు మీద దానితో మాట్లాడినవాళ్ళు లేరు. రేవులోకి దింపి, అది మోకాళ్ళ లోతుకి వెళ్ళాక మెడ మీద చెయ్యి వేశాడు. తాతాజీ ఎవర్నీ క్షమించిన మనిషి కాదు. బంగార్రాజుని క్షమించలేదు, రామలింగాన్ని క్షమించలేదు. ఇప్పుడు తన పేరు కూడా వాళ్ళ పక్కన చేర్చుకున్నాడు. దానికి ఏ అమ్మవారి ముందూ కొబ్బరికాయ కొట్టేది లేదు.

అయినా చెప్పవలసింది చెప్పలేదు ఇంకా. నోరు విప్పాడు. ఆ వేళ అరిచిన మాటలే, ఒక్కటీ మార్చకుండా.

"ఒసే నల్లదానా. మీ అమ్మగారికి బాగోలేదే. ఏలూరు ఆసుపత్రిలో ఉంది. చెల్లిని చూడాలంటోంది. ఎలాగైనా ఒక్కసారి రమ్మనవే."

నీళ్ళ మీదుగా మాట పోయింది. మంచె మీద బల్ల మీంచి నాగవల్లి లేవబోయి, లేవలేక, కుసుమ భుజం పట్టుకుని లేచింది. ఆమె దగ్గర గేదె లేదు. చుట్టూ చూసింది. చివరికి మంచె బాదు ఒకదాన్ని రెండు చేతులా పట్టుకుని, దానితోనే చెప్పింది.

"వస్తున్నానని చెప్పవే. బయల్దేరానని చెప్పు. అక్కని కళ్ళు మూసుకోవద్దని చెప్పు."